ఊక పోసి చూసిన మనిషి

పెద్దత్తగారి పదకొండో రోజున భోజనాలయ్యాక, షామియానా కింద కుర్చీలు దగ్గరికి లాక్కుని అందరూ ఆవిడ అనుమానాల గురించే చెప్పుకున్నారు. పెళ్ళి విస్తట్లో వేసిన లడ్డూని విరిచి వాసన చూశాక గానీ తినలేదని ఒకరు. ఫోనెత్తి అవతలివాళ్ళు ముందు మాట్లాడేదాకా ఊపిరి కూడా వినిపించనిచ్చేవారు కాదని ఇంకొకరు. ఏలూరు బస్సెక్కేముందు ముందు బోర్డు చదివి, వెనక్కి వెళ్ళి వెనక బోర్డు కూడా చదివి, అప్పుడు కూడా కండక్టర్ని "ఇది ఏలూరే వెళ్తుందా బాబూ" అని అడిగేవారని ముదినేపల్లి నుంచి వచ్చిన చుట్టాలావిడ. "యముడొచ్చినా ఆధార్ కార్డు అడిగే ఉంటుందండీ మా పెద్దమ్మ" అని మా మరిది అనేసరికి ఆవిడ కూతురితో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వాళ్ళు చెప్పినవన్నీ నిజాలే. కానీ ఆ అనుమానం కింద ఎక్కువ కాలం బతికింది నేను. మా రెండు పెరళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క తడిక.

పెద్దత్తగారంటే మా అత్తగారి అక్క. అక్కచెల్లెళ్ళిద్దరినీ కొల్లేటి పక్కనున్న ఈ ఊరికే, పక్కపక్క ఇళ్ళకే ఇచ్చారు. మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. మేం కొన్నేళ్ళు ఏలూరులో అద్దెకుండి, పొలం చూసుకోవడానికని ఇక్కడికి వచ్చేశాం. అప్పటిదాకా మా ఇల్లు తాళం వేసే ఉంది. వచ్చిన వారానికి, మా పుట్టింటి నుంచి పంపిన మామిడిపళ్ళు గిన్నెలో పెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"ఎక్కడివమ్మా?"

"మా పుట్టింటివండీ. జంగారెడ్డిగూడెం నుంచి పంపారు."

"చెట్టువా, కొన్నారా?"

"చెట్టువేనండీ."

"కోస్తుంటే నువ్వు చూశావా?"

"లేదండీ. నాన్నగారు పంపారు."

"మరి చెట్టువని ఎలా చెబుతున్నావు?"

ఆవిడ ఒక పండు ముక్క కోసి, తన కోళ్ళకి వేసి, అవి పొడుచుకు తినడం అరుగు మీద నుంచి చూస్తూ కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. కోళ్ళకి ఏమీ కాలేదని తేలాక గిన్నె ఖాళీ చేసి ఇచ్చారు. ఎవరేం చెప్పినా ఆవిడ అడిగేది ఒకటే: "చూశావా, విన్నావా?" చూశానంటే ఇంకో నాలుగు ప్రశ్నలు. విన్నానంటే ఇక అక్కర్లేదన్నట్టు చెయ్యి విసిరేవారు.

మా పుట్టింటివైపు మెట్ట. ఎర్రనేల. ఎంత వాన కురిసినా పూటలో ఇంకిపోతుంది. మా ఇంట్లో నాటుకోళ్ళు పెరట్లో వాటంతటవే తిరిగేవి. ఇక్కడికి వచ్చాక నాకు మొదట తోచిన పని కూడా కోళ్ళే. పుట్టింటి నుంచి ఒక పుంజునీ కొన్ని పెట్టల్నీ తెచ్చుకున్నాను. తడికని ఆనుకుని వల కట్టి దొడ్డి చేశాను, మూల గూడు పెట్టాను. వేసవి పోయేదాకా బాగానే ఉన్నాయి.

వానలు మొదలయ్యాక తెలిసింది ఈ నేల సంగతి. నల్లటి బంకమట్టి. చుక్క కూడా తాగదు. పడ్డ నీళ్ళు పడ్డచోటే నిలిచి, కోళ్ళు తొక్కి తొక్కి, రెట్టతో కలిసి రొచ్చయిపోయింది. పెట్టల కాలివేళ్ళకి మట్టి ఉండలు కట్టి ఎండిపోయేవి. అవి ఊడబెరికితే చర్మం వచ్చేసేది. వెచ్చగా గంపలో పొదిగిన పిల్లలు బయటికి వచ్చిన మర్నాటికే ముడుచుకుపోయేవి. ఇసుక తెప్పించి పోశాను. ఇసుక కిందికి దిగి, బంకమట్టి పైకి వచ్చింది. మా ఊళ్ళో చేసినట్టు మూల ఒక గొయ్యి తవ్వి నీళ్ళు అందులోకి మళ్ళించాను. గొయ్యి నిండింది, అలాగే ఉండిపోయింది. దోమలు పుట్టాయి.

తడిక అవతల పెద్దత్తగారి కోళ్ళ దొడ్డి మాత్రం పొడిగా ఉండేది. అదే వాన, అదే మట్టి. అవతల కోళ్ళు దుమ్ములో పొర్లాడుతుంటే ఇవతల నావి ఒంటికాలి మీద నిలబడి ఉండేవి.

"పెద్దత్తయ్యగారూ, మీ దొడ్డిలో నీళ్ళు నిలవవేంటండీ?" అని అడిగాను.

"నాకేం తెలుసమ్మా. దాని గుణం అది."

"ఏమైనా వేశారా అడుగున?"

"నేనేం వేస్తాను, ముసలిదాన్ని. ఎందుకడుగుతున్నావు?"

ఆ "ఎందుకడుగుతున్నావు"తో నాకు మొదటిసారి అనుమానం పుట్టింది. పుట్టాక ఇక పోలేదు. వాన తెరిపివ్వగానే ఆవిడ పార పట్టుకుని తడిక వైపు వచ్చేవారు. నేను కనబడగానే పార వెనక్కి పెట్టి కంద మొక్కలు చూస్తున్నట్టు వంగేవారు. నా దొడ్డిలో తడిక పొడుగునా ఉన్న నేల మిగతా దానికన్నా ఎప్పుడూ ఎక్కువ తడిగా ఉండేది. మా ఆయనతో చెబితే కోప్పడ్డారు. "పెద్దమ్మ అనుమానం నీకు అంటుకుంది. ఆవిడ అందర్నీ అనుమానిస్తుంది గానీ ఎవరికీ చెడు చెయ్యదు" అన్నారు.

పెట్టలు ఒక్కొక్కటే పోతున్నాయి. మిగిలినవాటిలో మా అమ్మ తన చేత్తో పొదిగించిన నల్లపెట్ట ఒకటి. దాని కాళ్ళు వాచి నడవలేక గూటి గుమ్మంలో కూర్చుంటే, ఆవేళ వానలోనే గొడుగేసుకుని తడిక వెంట గజం గజం చూసుకుంటూ నడిచాను. కంద ఆకులు ఎత్తి చూస్తే ఉంది. తడిక అడుగున రెండు ఇటుకలు ఎడంగా పెట్టి ఉన్నాయి. వాటి మధ్య నుంచి జానెడు వెడల్పు బోదె, పారతో నున్నగా చెక్కినది. అవతలి పెరటి నీళ్ళన్నీ వాటంగా, ఎవరో పిలిచినట్టు, నా దొడ్డిలోకి వస్తున్నాయి.

కోపంతో గుమ్మం దాకా తిరిగి వెళ్ళకుండా అక్కడే తడిక మీంచి పిలిచాను. ఆవిడ తలమీద గోనెసంచి మడిచి వేసుకుని వచ్చారు.

"ఇది మీరు తీసిందేనా అండీ?"

కాదంటారనీ, ఎలకలు తవ్వాయంటారనీ అనుకున్నాను. ఆవిడ బోదె వైపు చూశారు, నావైపు చూశారు.

"నేనే తీశాను."

"నా కోళ్ళు చచ్చిపోతున్నాయి కదండీ!"

"తియ్యకపోతే నావి చస్తాయి. నువ్వు వస్తావని నాకెవరు చెప్పారు? ఖాళీ పెరడు, తీశాను. నువ్వొచ్చావు. వచ్చాక మూసేస్తే నీళ్ళు ఎక్కడికి పోవాలి?"

"అడిగితే తెలీదన్నారు."

"తెలుసంటే నువ్వు మూయిస్తావు."

ఆ మాట చాలా మామూలుగా అన్నారు. అప్పుడు ఆవిడ ఇంకో అడుగు ముందుకు వచ్చి గొంతు తగ్గించారు.

"నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నేనే వెతికి చూశాను."

"వానలోనా?"

"వానలోనే."

ఆవిడ ముఖంలో తప్పు చేశానన్న భావం ఏదీ లేదు. కానీ నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. వంగి రెండు ఇటుకలూ దగ్గరికి జరిపి, మట్టి ఎత్తి పూడ్చేశారు. నేను చూస్తుండగానే నీళ్ళు వెనక్కి తిరిగి ఆవిడ కోళ్ళ వైపు పాకడం మొదలుపెట్టాయి.

"తెరిపిచ్చాక గట్టు దగ్గరికి రా. నీకొకటి చూపించాలి. ఇన్నాళ్ళూ నాతో వచ్చేవాళ్ళు లేరు" అన్నారు.

గట్టు అంటే మా పెరళ్ళ వెనక ఉన్న బాట. పూర్వం మా రెండిళ్ళ మురుగూ వెనక పల్లంలోంచి నేరుగా మురుగు కాలవలో పడేదట. ఆ పక్క పొలాలు చేపల చెరువులయ్యాక, లీజుకి తీసుకున్నాయన చేపల లారీలు రావడానికని పెరళ్ళకీ కాలవకీ మధ్య ఎత్తుగా మట్టి బాట పోయించాడు. నీళ్ళకి దారి పోయింది. ఊళ్ళో అడిగితే, "బాట కింద తూము వేయించానండీ, కావాలంటే చూసుకోండి" అన్నాడట. పంచాయతీవాళ్ళు వచ్చి చూశారు. బాటకి ఇటు సిమెంటు తూము మూతి కనబడుతోంది. అటు కాలవ వైపు కూడా మూతి కనబడుతోంది. బాగానే ఉందని వెళ్ళిపోయారు.

"వాళ్ళు చూసింది మూతులు. నీళ్ళు పోవడం ఎవరూ చూడలేదు" అన్నారు పెద్దత్తగారు.

మేం వెళ్ళేసరికి ఆ లీజుదారు అక్కడే ఉన్నాడు. చాలా మర్యాదస్తుడు. "రండి పిన్నిగారూ, ఇంత బురదలో ఎందుకొచ్చారండీ, కబురంపితే నేనే వచ్చేవాణ్ణి కదండీ" అంటూ చెయ్యి అందించబోయాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకోలేదు.

"నీళ్ళు పోవట్లేదు బాబూ."

"పోతున్నాయండీ. మన నేల వాటం తక్కువ కదండీ, నిదానంగా పోతాయి. పైకి కనపడదు."

"కనపడేట్టు చేద్దాం" అని, చంకనున్న గంప దించారు. దాన్నిండా ఊక. వడ్లు ఆడించిన పొడి ఊక. "అమ్మాయ్, నువ్వు అటు దిగి కాలవ వైపు మూతి దగ్గర కూర్చో. నీళ్ళ మీంచి కళ్ళు తియ్యకు. ఎవరు పలకరించినా పలక్కు."

నేను బాట దాటి అటు దిగి కూర్చున్నాను. ఇటు ఆవిడ తూము మూతి దగ్గర నిలిచిన నీళ్ళలో ఊకంతా పోశారు. నేను చూస్తూనే ఉన్నాను. కాలవ వైపు మూతిలో నీళ్ళు ఉన్నాయి, పైన ఒక సాలెపురుగు గూడు ఉంది. ఒక్క ఊక పొట్టు కూడా రాలేదు. లీజుదారు పైనుంచి, "కాఫీ తాగుతారాండీ, తెప్పిస్తాను" అన్నాడు. నేను పలకలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అయినా లేవలేదు. ఆ సాలెగూడు తెగకుండా అలాగే ఉంది. ఇన్ని వానల్లో ఇందులోంచి నీళ్ళు వచ్చి ఉంటే ఆ గూడు ఎలా ఉంటుంది?

"వచ్చిందా?" అని అటునుంచి అరిచారు.

"రాలేదండీ!"

"చెత్త అడ్డం పడి ఉంటుందండీ. రేపు మనిషిని పెట్టి తీయిస్తాను" అన్నాడతను.

ఆవిడ ఇంటికి వెళ్ళి, దండెం కట్టుకునే వెదురు గెడ ఒకటి మోసుకొచ్చి తూములోకి తోశారు. కొంత దూరం వెళ్ళి ఆగిపోయింది. చెత్త అయితే మెత్తగా ఉంటుంది, గుచ్చుకుంటుంది. ఇది గోడకి తగిలినట్టు తగిలింది. గెడ బాట మీంచి నాకు అందించారు. నేను కాలవ వైపు నుంచి తోశాను. ఇటూ అంతే. రెండు చోట్లా గెడకి అంటుకొచ్చింది గట్టి బంకమట్టి.

అప్పటికి చుట్టుపక్కలవాళ్ళు చేరారు. పెద్దత్తగారు గెడ నేలకి ఆనించి అతని ముఖంలోకి చూశారు.

"రెండు మూతులు పెట్టావు. మధ్యలో గొంతు పెట్టలేదేం నాయనా?"

అతను బుకాయిస్తాడనుకున్నాను. తలొంచుకున్నాడు. "తూము పూర్తిగా వేస్తే బరువు లారీ ఎక్కినప్పుడు బాట కుంగిపోతుందన్నారండీ పొక్లెయిన్ కుర్రాళ్ళు. చేప పట్టుబడి రోజులు. లారీ దిగబడితే సరుకంతా పాడైపోతుంది. అందరూ చూసి వెళ్ళిపోయారు, ఇక ఫరవాలేదనుకున్నానండీ" అన్నాడు. నాకు జాలేసింది కూడా. పెద్దత్తగారికి వేసిందో లేదో నాకు తెలియదు. "ఎప్పుడు తవ్విస్తావు?" అని మాత్రం అడిగారు. "ఎల్లుండండీ" అంటే, "ఎల్లుండి ఏ వేళ?" అన్నారు.

తవ్విన రోజున ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని బాట మీద వేసుకున్నారు. ఒక్కో తూము ముక్కా దింపేముందు ఇటు కన్ను పెట్టి, అటు నన్ను చెయ్యి ఊపమని, చెయ్యి కనబడ్డాకే దింపనిచ్చారు. పనివాళ్ళు నవ్వుకున్నారు. అన్నానికి రమ్మని పిలిస్తే, "నేను లేచి వచ్చేసరికి పూడ్చేస్తారు" అని కదల్లేదు. ఆవిడ అన్నం నేను అక్కడికే పట్టుకెళ్ళాను. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఇందులో ఏం వేశావని అడిగారు.

సాయంత్రానికి మట్టి కప్పి బాట సరిచేశారు. ఆవిడ మళ్ళీ గంపెడు ఊక పోశారు. ఈసారి ఊక మూతి దగ్గర ఒక్కసారి సుడి తిరిగి లోపలికి పోయింది. నేను అటు పరిగెత్తేసరికి మురుగు కాలవలో పచ్చగా, చాప పరిచినట్టు, తేలుతూ పోతోంది. "వచ్చిందండీ, వచ్చేసింది!" అని నేను చిన్నపిల్లలా గంతులేశాను. ఆవిడ స్వయంగా దిగి వచ్చి చూశారు.

"రేపు కూడా చూద్దాం" అన్నారు.

నీళ్ళకి దారి దొరికాక నా దొడ్డి సంగతి ఇద్దరం కలిసి చూశాం. "మీ మెట్టలో నేల తాగుతుంది. దీనికి నోరు లేదమ్మా. దీనిచేత తాగించాలని చూడకు, పక్కనుంచి పంపెయ్" అన్నారు. రొచ్చంతా పారతో గీకి తీసేశాం. పాత గోడ పడగొట్టిన ఇటుక ముక్కలూ పెంకు ముక్కలూ నేల మీద పరిచి, పైన ఊకా బూడిదా కలిపి జల్లి, దొడ్డిని చుట్టుపక్కల నేలకన్నా ఎత్తు చేశాం. చుట్టూ బోదె తీశాం. వాటం సరిగా ఉందో లేదో ఆవిడ చెంబుతో నీళ్ళు పోసి, ఆ నీళ్ళ వెంటే నడుచుకుంటూ వెళ్ళి చూశారు. రెండు దొడ్ల బోదెలూ తడిక చివర కలిసి తూములోకి పోయేట్టు చేశాం. నా నల్లపెట్ట కాళ్ళ వాపు తగ్గి మళ్ళీ నడిచింది.

దాంతో మా మధ్య అనుమానం పోయిందనుకుంటే పొరపాటు. వాన తగ్గగానే నేను మొదట చూసేది తడిక కింద ఆ పాత ఇటుకలున్న చోటు. ఒకసారి అలా గొడుగేసుకుని వెళ్ళి కంద ఆకులు ఎత్తేసరికి అవతలి నుంచి ఆవిడా అవే ఆకులు ఎత్తారు.

"ఏం చూస్తున్నావు?"

"మీరేం చూస్తున్నారో అదేనండీ."

ఆవిడ మూతి బిగించుకున్నారు. కానీ బుగ్గలు కదిలాయి. ఆవిడ నవ్వు దాచుకోవడం నేను చూసింది అప్పుడే. ఆ తర్వాత తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడల్లా కోళ్ళకి నూకలు ఇద్దరికీ కలిపి నేనే తెచ్చేదాన్ని. తెచ్చినప్పుడల్లా ఆవిడ బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టి తిప్పి చూసేవారు. నేను పక్కన నిలబడేదాన్ని. కొన్నాళ్ళకి అది నాకు అవమానంగా అనిపించడం మానేసింది. చూడకుండా తీసుకుంటే ఆవిడకి ఒంట్లో బాగోలేదేమోనని కంగారు పడేదాన్ని.

మొన్న వానాకాలం చివర్లో నిజంగానే బాగోలేదు. ఆయాసం. తణుకు నుంచి కూతురొచ్చి ఏలూరు ఆసుపత్రిలో చేర్పించింది. తుఫాను పట్టి వాన విడవకుండా కురుస్తోంది. నేను బస్సులో వెళ్ళేసరికి ఆవిడ మంచం తల వైపు ఎత్తించుకుని గుమ్మంవైపే చూస్తూ ఉన్నారు. కూతురు మందుల కోసం కిందికి వెళ్ళింది.

"కోళ్ళు?"

"బాగున్నాయండీ. మీవీ, మావీ."

"దొడ్డి?"

"పొడిగా ఉందండీ."

"ఇంత వానకి పొడిగా ఎలా ఉంటుంది? నా దగ్గర దాస్తున్నావు."

ఫోన్లో ఫొటో చూపించాను. ఇది ఎప్పటిదో నాకేం తెలుసన్నారు. మాట్లాడితే ఆయాసం వస్తోంది, అయినా ఆగట్లేదు. కాసేపు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "కాళ్ళు చూపించు" అన్నారు.

"ఏంటండీ?"

"కాళ్ళమ్మా. మంచం మీద పెట్టు."

పెద్దవాళ్ళ మంచం మీద కాలు ఎలా పెడతాను? పక్క మంచంవాళ్ళు చూస్తున్నారు. ఆవిడ ఊరుకోలేదు. స్టూలు మీద కూర్చుని, దుప్పటి తగలకుండా కుడికాలు ఎత్తి మంచం అంచున పెట్టాను. నా బొటనవేలు పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు. బస్సెక్కేముందు సబ్బు పెట్టి కడుక్కున్నాను. కానీ మా బంకమట్టి గోళ్ళ సందుల్లోంచి ఓ పట్టాన పోదు. ఆవిడ తన గోటితో నా గోటి అంచు గీకితే నల్లగా వచ్చింది.

"పొడిగా ఉందన్నావు. మరి ఇదేంటి?"

చెప్పక తప్పలేదు. "పొద్దున్న నిలిచాయండీ. తూము మూతికి గుర్రపుడెక్క అడ్డం పడింది. దిగి లాగేశాను. మీ బోదె కూడా పూడిపోయి ఉంటే తీశాను. ఇప్పుడు పోతున్నాయండీ. మీరు కంగారు పడతారని చెప్పలేదు."

"నా దొడ్డిలోకి దిగావా?"

"దిగానండీ."

"నేను లేకుండా?"

"మీరు లేకుండానేనండీ."

ఆవిడ నా వేలు వదల్లేదు. ఊపిరి కూడదీసుకున్నారు. బయట వాన కిటికీ అద్దాల మీద కొడుతోంది.

"నీళ్ళు నా వైపుకి తిప్పలేదు కదా?"

"లేదండీ."

ఆవిడ నా కళ్ళలోకి చూశారు. ఎవరు చూశారు, ఎవరు పక్కనున్నారు, గెడ పెట్టి చూశావా, ఊక పోశావా అని అడుగుతారని ఎదురుచూశాను. జవాబులు కూడా తయారు చేసుకున్నాను. నేను ఒక్కదాన్నే ఉన్నాను పెరట్లో, చూసినవాళ్ళెవరూ లేరు.

"సరే" అన్నారు. వేలు వదిలేసి, దుప్పటి మెడదాకా లాక్కుని కళ్ళు మూసుకున్నారు.

కూతురు మందులతో పైకి వచ్చింది. రాత్రంతా కన్ను మూయలేదనీ, వచ్చినవాళ్ళనల్లా కోళ్ళ గురించే అడుగుతోందనీ చెప్పి, "ఇప్పుడేమంటోంది అమ్మ?" అని నన్నడిగింది.

"ఏమీ అనలేదండీ. నిద్రపోయారు" అన్నాను.